చిన్న కాన్సులేట్‌కి ముప్పు అంచనా: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది కొలవాలి?

కృష్ణలంక (చర్చ మొదలుపెట్టినవారు)

రాయబార కార్యాలయాల భద్రతా అంచనా నమూనాలు కొన్ని ముందేసుకుని చదువుతున్నాను. అన్నీ ఒకే వరసలో నడుస్తున్నాయి. ముందు ఆ దేశంలో పరిస్థితి మీద రెండు పేజీలు, తర్వాత "ముప్పు స్థాయి: మధ్యస్థం" అని ఒక ముద్ర, ఆపైన కెమెరాలు, మెటల్ డిటెక్టర్లు, గార్డుల సంఖ్య. ఆ ముద్రకీ ఈ జాబితాకీ సంబంధం ఎక్కడుందో అంతుపట్టడం లేదు.

చర్చకు వీలుగా ఒక ఊహాత్మక భవనం పెట్టుకుందాం. మూడంతస్తుల అద్దె ఇల్లు, దాంట్లో కాన్సులేట్. గేటు సరాసరి రోడ్డు మీదే. ప్రహరీకీ భవనానికీ మధ్య 9 మీటర్లు. ఎడమ పక్కన ఐదంతస్తుల అపార్టుమెంటు. రోజూ నూటయాభై మంది వీసా కోసం బయట ఫుట్‌పాత్ మీద నిలబడతారు. దీనికి అంచనా రాయాలంటే మీరెక్కడ మొదలుపెడతారు?

---

పాతగేటు

ఆ ముద్ర దగ్గర మాత్రం మొదలుపెట్టను. కారణం నైరోబీ.

1998 ఆగస్టు 7న కెన్యా రాజధాని నైరోబీలో, టాంజానియాలోని దారెస్సలామ్‌లో అమెరికా రాయబార కార్యాలయాల మీద ట్రక్కు బాంబు దాడులు జరిగాయి. రెండుచోట్లా కలిపి 224 మంది చనిపోయారు. ఆ రోజుకి కాగితం మీద నైరోబీకి ఉన్న ఉగ్రవాద ముప్పు స్థాయి "మధ్యస్థం", దారెస్సలామ్‌కి "తక్కువ". నైరోబీ భవనం రద్దీ కూడలిలో, రోడ్డుకి ఆనుకుని ఉంది. రాయబారి ప్రుడెన్స్ బుష్‌నెల్ ఆ భవనం మార్చమని వాషింగ్టన్‌కి ముందే రాసి ఉన్నారు. తర్వాత అడ్మిరల్ విలియం క్రో అధ్యక్షతన వేసిన సమీక్షా బోర్డులు తేల్చింది ఏమిటంటే, "ఫలానా రోజు ఫలానా దాడి" అనే కచ్చితమైన సమాచారం వస్తుందన్న ధీమాతో భద్రత నడిపారని. ఆ సమాచారం రాలేదు.

కాబట్టి శత్రువు ఉద్దేశం మీద మీ పత్రం ఆధారపడకూడదు. ఉద్దేశం రాత్రికి రాత్రి మారుతుంది, గోడ నుంచి కిటికీకి ఉన్న దూరం మారదు. ముందు మీ చేతిలో ఉన్నవి కొలవండి: తనిఖీ కాని బండి భవనానికి ఎంత దగ్గరికి రాగలదు, గేటు వైపు తిన్నగా ఎంత దూరం నుంచి పరుగెత్తుకు రాగలదు, ఆపాల్సిన మనిషికి ఎన్ని సెకన్లు దొరుకుతాయి. ఈ మూడూ టేపుతో, స్టాప్‌వాచీతో తేలతాయి. పరిస్థితి మీద రెండు పేజీలు తర్వాత రాసుకోవచ్చు.

---

కాంక్రీటు_కబుర్లు

పాతగేటు గారు చెప్పిన మొదటి కొలత గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువ జరిగేది అక్కడే.

పేలుడు ఒత్తిడి లెక్కలో దూరాన్ని పేలుడు పదార్థం బరువు ఘనమూలంతో భాగిస్తారు. ఆ భాగఫలం సమానంగా ఉంటే అదే వాతావరణంలో ఒత్తిడి కూడా సమానం. అంటే 50 కిలోలకి 15 మీటర్ల దూరంలో ఎంత ఒత్తిడి పడుతుందో, 400 కిలోలకి 30 మీటర్ల దూరంలో అంతే పడుతుంది. బరువు ఎనిమిది రెట్లయితే దూరం రెండింతలైతే చాలు. దూరం ఎంత చవకైన రక్షణో, అది లేనప్పుడు గోడలు ఎంత మందం పెంచినా ఎందుకు అందుకోలేవో ఈ లెక్కలోనే ఉంది. 1983లో బీరుట్‌లో అమెరికా ఎంబసీ మీద దాడి తర్వాత ఎంబసీల భద్రత మీద వచ్చిన ఇన్మన్ నివేదిక 1985లో, రోడ్డుకీ భవనానికీ మధ్య 100 అడుగులు, అంటే సుమారు 30 మీటర్లు ఉండాలంది. 1999లో అమెరికా దాన్ని చట్టంలో పెట్టింది.

కృష్ణలంక గారి భవనానికి 9 మీటర్లున్నాయి అన్నారు. అది ప్రహరీ నుంచి లెక్క. రోడ్డు పక్క పార్కింగ్ ఉంటే బండి ప్రహరీకి ఆనుకునే ఆగుతుంది కాబట్టి 9 మీటర్లే. ఫుట్‌పాత్ అంచున బొల్లార్డులు (బండిని ఆపే పొట్టి, గట్టి స్తంభాలు) వేయించగలిగితే, ఫుట్‌పాత్ వెడల్పు 3 మీటర్లయితే, 12 అవుతుంది. పార్కింగ్ ఎదుటి వైపుకి మార్పించగలిగితే ఇంకో 6, 7 మీటర్లు. ఏ గోడా కట్టకుండానే దూరం రెట్టింపు దగ్గరికి వస్తుంది. ఆగి ఉన్న బండికే ఈ లాభం, నడిచే బండిని ఆపేది బొల్లార్డులే. వాటి మధ్య ఖాళీ 1.2 మీటర్లకు మించకూడదు. మించితే చిన్న కారు దూరిపోతుంది.

గేటు దగ్గర నేలలోంచి లేచి బండిని ఆపే బారియర్ కొనేటప్పుడు రేటింగ్ అర్థం తెలుసుకోండి. ఎం30 అంటే 6,800 కిలోల ట్రక్కు గంటకు 48 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దినా ఆపాలి. ఎం50 అంటే అదే ట్రక్కు 80 వేగంతో వచ్చినా. వేగం 1.67 రెట్లే పెరిగింది, కానీ గుద్దే శక్తి 2.8 రెట్లు పెరుగుతుంది. అందుకే ఖరీదైన ఎం50 పెట్టే ముందు, గేటుకి వెళ్లే దారిలో కాంక్రీటు దిమ్మెలు ఎదురుబొదురుగా పెట్టి బండి పాములా మెలికలు తిరిగేలా చేస్తే వేగం 30 దాటదు. అప్పుడు ఎం30 చాలు.

---

కృష్ణలంక

ఇదంతా చేసినా 18 మీటర్లే వచ్చాయనుకుందాం. భవనం మార్చే వీలు లేదు. అప్పుడు?

---

కాంక్రీటు_కబుర్లు

అప్పుడు మొదటి ఖర్చు అద్దాల మీద పెట్టండి. గోడల మీద కాదు. భవనం కూలని పేలుళ్లలో గాయాలు ఎక్కువగా గాజు ముక్కల వల్లే.

నైరోబీలో వెనక గేటు దగ్గర డ్రాప్ బార్ (దారికి అడ్డంగా ఉండే కడ్డీ) ఎత్తడానికి నిరాయుధుడైన స్థానిక గార్డు ఒప్పుకోలేదు. దాడి చేసినవాళ్లు గ్రెనేడ్ విసిరారు, కాల్పులు జరిగాయి. ఆ చప్పుడు విని చుట్టుపక్కల ఆఫీసుల్లోని జనం ఏమైందోనని కిటికీల దగ్గరికి వచ్చారు. సరిగ్గా అప్పుడు అసలు బాంబు పేలింది. ఎంతోమంది చూపు పోగొట్టుకున్నారు. చప్పుడు వినగానే కిటికీకి దూరంగా, నేల మీదికి వంగాలి అన్న కసరత్తు ప్రతి సిబ్బందికీ నేర్పించడానికి పైసా ఖర్చు లేదు. దానికో ప్రత్యేకమైన అలారం ఉండాలి, అగ్నిప్రమాదం అలారంతో కలవకూడదు. ఫైర్ అలారం మోగితే జనం బయటికి పరుగెత్తుతారు, ఇక్కడ చేయాల్సింది దానికి ఉల్టా.

అద్దాల విషయానికొస్తే, మామూలు అద్దానికి, పగిలినా ముక్కలు ఎగరకుండా పట్టే 0.2 మి.మీ. మందం ఫిల్మ్ వేయించడం కనీసం. కానీ అద్దం కనపడే మేరకే అంటించి వదిలేస్తే పేలుడికి పలక మొత్తంగా ఊడి గదిలోకి వస్తుంది. ఫిల్మ్ అంచుని ఫ్రేముకి బిగించాలి. ఇంకా మేలు కావాలంటే 7.5 మి.మీ. లామినేటెడ్ అద్దం, మధ్య పొర 1.5 మి.మీ., ఫ్రేము గాడి లోతు 25 మి.మీ.కి తగ్గకుండా. అద్దం గట్టిదై ఫ్రేము గోడకి రెండు స్క్రూలతో వేలాడుతుంటే ఫ్రేముతో సహా లోపలికొస్తుంది, ఇది తరచూ జరిగే తప్పు. ఫిల్మ్ పదేళ్ల ప్రాంతంలో బుడగలు కట్టి పట్టు వదులుతుంది, కాబట్టి వేసిన తేదీ రిజిస్టర్లో ఉండాలి.

బల్లలు కిటికీ పక్క నుంచి జరపడం, రోడ్డు వైపు గదుల్ని స్టోరుకి, ఫైళ్లకి వాడటం... ఇవి కూడా అంచనాలో సిఫార్సులుగా రాయాల్సినవే.

---

హిందూకుష్

దూరం, అద్దాలు సరే. కానీ కాబూల్లో మన రాయబార కార్యాలయం అనుభవం ఇంకో సంగతి నేర్పుతుంది: అన్నిటికంటే బలహీనమైనది గోడ కాదు, గేటు తెరిచి ఉండే ఆ కొద్ది సెకన్లు.

2008 జులై 7 ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతం. ఆఫీసు వేళ. కార్యాలయ వాహనాలు గేటులోకి వస్తున్న సమయంలోనే పేలుడు పదార్థాలతో నిండిన కారు గేటు దగ్గర పేలింది. 58 మంది చనిపోయారు. రక్షణ అటాషే (సైనిక వ్యవహారాలు చూసే దౌత్యాధికారి) బ్రిగేడియర్ రవిదత్ మెహతా, మన తెలుగువారైన కౌన్సెలర్ వి. వెంకటేశ్వరరావు, ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు) జవాన్లు అజయ్ పఠానియా, రూప్ సింగ్, ఆఫ్ఘన్ ఉద్యోగి ఒకరు, మిగతావాళ్లలో ఎక్కువమంది వీధిలో ఉన్న సామాన్య ఆఫ్ఘన్లు, వీసా కోసం వచ్చినవాళ్లు. వెంకటేశ్వరరావు గారికి మరణానంతరం కీర్తి చక్ర ఇచ్చారు. ఇలాంటి చర్చల్లో ఆ పేరు మనవాళ్లకి గుర్తుండాలి.

2009 అక్టోబరు 8న మళ్లీ అక్కడే కారు బాంబు. ఈసారికి బయటి రక్షణ గోడలు బలపడ్డాయి. 17 మంది చనిపోయారు, కానీ మన సిబ్బందిలో ప్రాణనష్టం లేదు. చనిపోయినవాళ్లు బయటివాళ్లు. ఇక్కడే నాకు కాంక్రీటు గారి లెక్కతో ఒక పేచీ. గోడ బలపరిస్తే నష్టం మాయమవదు, వీధిలోకి జరుగుతుంది. 2013 ఆగస్టు 3న జలాలాబాద్‌లో మన కాన్సులేట్ దగ్గర చెక్‌పోస్టులో ఆపితే కారు అక్కడే పేలింది. మన సిబ్బంది అంతా క్షేమం, పక్కన మసీదు దగ్గరున్న పిల్లలతో సహా 9 మంది పౌరులు చనిపోయారు. వీసా వరసలో నిలబడ్డ నూటయాభై మంది మీ పత్రంలో ఎక్కడున్నారు? వాళ్లు మనల్ని నమ్మి వచ్చినవాళ్లు. వాళ్లని లెక్కలో పెట్టని అంచనా నా దృష్టిలో అసంపూర్ణం.

---

కాంక్రీటు_కబుర్లు

ఒప్పుకుంటున్నాను, హిందూకుష్ గారూ. నేను భవనం లోపలివాళ్ల గురించే రాశాను. వరసని ఏం చేయమంటారు మరి?

---

హిందూకుష్

అన్నిటికన్నా మేలు వరసే లేకుండా చేయడం. వీసా దరఖాస్తులు వేరే చోట ఉన్న కేంద్రానికి మార్చేస్తే కాన్సులేట్ ముందు జనం బాగా తగ్గుతారు. అది కుదరకపోతే అరగంటకి ఇంతమందే అని సమయాలు ఇవ్వడం, వరసని గేటు ముందు నుంచి తీసి ప్రహరీ లోపల, భవనానికి దూరంగా, సొంత గోడ ఉన్న తనిఖీ గదికి మార్చడం.

ఆ తనిఖీ గది ప్రధాన భవనంతో కలిసి ఉండకూడదు. 2013 ఫిబ్రవరి 1న అంకారాలో అమెరికా ఎంబసీ మీద ఆత్మాహుతి దాడి పక్క ద్వారం తనిఖీ గదిలోనే ఆగిపోయింది. ఒక టర్కీ గార్డు ప్రాణం పోయింది, ప్రధాన భవనానికి ఏమీ కాలేదు. 2022 సెప్టెంబరు 5న కాబూల్లో రష్యా ఎంబసీ ముందు వీసా కోసం గుమిగూడిన జనం దగ్గర దాడి జరిగితే ఇద్దరు రష్యన్ ఉద్యోగులు కూడా చనిపోయారు. సిబ్బంది వరస దగ్గరికి వెళ్లి పేర్లు పిలిచే పద్ధతి ఎక్కడున్నా మానేయాలి. మైకులో పిలవండి.

గేటుకి రెండు తలుపులు, మధ్యలో ఒక బండి పట్టేంత జాగా. ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకోవాలి. ఇది గార్డు క్రమశిక్షణకి వదిలేస్తే రద్దీ వేళ రెండూ తెరిచి పెడతారు, కాబట్టి ఇంటర్‌లాక్ కరెంటు వలయంలోనే ఉండాలి. బండ్లు ఒకదాని వెనక ఒకటి గేటు ముందు ఆగకూడదు. రెండో బండి వీధి చివర ఆగి, వైర్‌లెస్‌లో పిలిస్తేనే కదలాలి.

---

నాలుగోఅంతస్తు

ఇప్పటిదాకా ఎవరూ ఆ ఎడమ పక్క అపార్టుమెంటు సంగతి ఎత్తలేదు. నాకైతే ఈ భవనంలో ముందుగా భయం కలిగించేది అదే.

2014 మే 23 తెల్లవారుజామున ఆఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్‌లో మన కాన్సులేట్ మీద నలుగురు సాయుధులు దాడి చేశారు. పక్క ఇంట్లోంచి కాల్పులు వచ్చాయి. ఐటీబీపీ, ఆఫ్ఘన్ బలగాలు తిప్పికొట్టాయి, సిబ్బందికి ఏమీ కాలేదు. 2016 జనవరి 3న అదే దేశంలో మజారె షరీఫ్‌లోని మన కాన్సులేట్ మీద కూడా పక్క భవనంలో చేరి కాల్పులు మొదలుపెట్టారు, పూర్తిగా అణచడానికి ఒక రోజు దాటింది. ఇంకా వెనక్కి వెళ్తే 1996 డిసెంబరు 17న పెరూ రాజధాని లీమాలో జపాన్ రాయబారి ఇంట్లో విందు జరుగుతుంటే, టుపాక్ అమారు తిరుగుబాటుదారులు పక్క ఆవరణ వైపు గోడ పేల్చి తోటలోకి వచ్చారు. బందీల వ్యవహారం 126 రోజులు నడిచింది. ముందు గేటు దగ్గర ఎంత కాపలా ఉందన్నది అక్కడ పనికిరాలేదు.

చేయాల్సింది ఇది. ఆతిథ్య దేశపు పోలీసుల ద్వారా అనుమతి తీసుకుని ఆ అపార్టుమెంటు ప్రతి అంతస్తు మెట్ల కిటికీ నుంచీ, డాబా మీద నుంచీ మీ ఆవరణ వైపు ఫొటో తీయండి. ఏ ఫొటోలో కాన్సుల్ గది కిటికీ, కారు ఎక్కే చోటు, జెనరేటరు, గార్డు గది కనిపిస్తున్నాయో గుర్తు పెట్టండి. కనిపించినవాటికి తెర, గోడ, చెట్లు, చోటు మార్పు, ఏదో ఒకటి. ఆ డాబా తాళం ఎవరి దగ్గరుంది? ఏ ఫ్లాటు ఖాళీగా ఉంది, ఎవరికి అద్దెకిస్తున్నారు? ఖాళీ ఫ్లాటుని కాన్సులేటే అద్దెకి తీసుకుని సిబ్బందికి ఇస్తే చాలా సందర్భాల్లో కొత్త గోడ కంటే చవక.

ఇవన్నీ ఒకే పూట చూసి వదలకండి. ఆఫీసు తెరిచే వేళ, వీసా రద్దీ వేళ, వారపు ప్రార్థన ముగిసే వేళ, అర్ధరాత్రి, ఈ నాలుగు వేళల్లో వీధి నాలుగు రకాలుగా ఉంటుంది.

---

ఆల్డ్‌విచ్

అన్నిచోట్లా బాంబుల భయమే ఉండదు. 2023 మార్చి 19న లండన్‌లో మన హైకమిషన్ మీదికి వచ్చింది గుంపు. బాల్కనీ ఎక్కి జెండా లాగేశారు. అదే రోజు శాన్‌ఫ్రాన్సిస్కో కాన్సులేట్ మీద దాడి, జులై 2న అక్కడే నిప్పు పెట్టే ప్రయత్నం. లండన్ హైకమిషన్ ఉన్న ఇండియా హౌస్ ఆల్డ్‌విచ్ వీధికి ఆనుకుని ఉన్న పాత భవనం. అక్కడ 30 మీటర్ల మాట ఎత్తే ప్రసక్తే లేదు.

అలాంటి చోట అంచనాలో కేంద్రం ఆతిథ్య దేశపు పోలీసులు. 1961 వియన్నా ఒప్పందం 22వ అధికరణం ప్రకారం దౌత్య ఆవరణని చొరబాటు నుంచి, నష్టం నుంచి, ప్రశాంతతకీ గౌరవానికీ భంగం కలగకుండా కాపాడటం ఆతిథ్య దేశపు ప్రత్యేక బాధ్యత. కాన్సులేట్లకి 1963 ఒప్పందం 31వ అధికరణంలో ఇలాంటిదే ఉంది. లండన్ ఘటన రాత్రే దిల్లీలో బ్రిటిష్ దౌత్యవేత్తని పిలిపించి పోలీసులు ఎందుకు లేరని అడిగారు. మూడు రోజులకి చాణక్యపురిలో బ్రిటిష్ హైకమిషన్ ముందున్న బారికేడ్లు తీసేశారు. కానీ అవన్నీ జరిగాక చేసేవి. ముందు చేయాల్సినవి వేరు:

నిరసన ప్రకటన కనపడగానే తేదీ, స్థలం, ఎంతమంది రావచ్చో రాసి ఆతిథ్య దేశపు విదేశాంగ శాఖకి లిఖితపూర్వకంగా నోట్ పంపాలి. ఫోన్లో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు. పోలీస్ స్టేషన్ నుంచి మొదటి బండి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో సాయంత్రం రద్దీలో కసరత్తు చేసి చూడాలి. పేపర్ మీద 5 నిమిషాలని ఉంటే అది నమ్మదగ్గ అంకె కాదు. ఆ వచ్చిన సంఖ్యకి తగ్గట్టు మీ తలుపులు నిలబడాలి. పోలీసులకి 20 నిమిషాలు పట్టేచోట 5 నిమిషాలు ఆగే తలుపు పెట్టి లాభం లేదు. మొదటి అంతస్తు బాల్కనీ, సన్‌షేడ్, డ్రైన్ పైపులు, పక్క గోడ మీది ఏసీ యూనిట్లు, పాకడానికి వీలున్న ప్రతిదీ గుర్తించాలి. ప్రహరీ ఎత్తు 2.75 మీటర్లు, బయటి వైపు కాలు పెట్టడానికి ఆసరా లేకుండా.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. రాయబార కార్యాలయంలోకి అధిపతి అనుమతి లేకుండా అగ్నిమాపక సిబ్బంది కూడా రాకూడదు. కాన్సులేట్‌లో అయితే అగ్నిప్రమాదమప్పుడు అనుమతి ఉన్నట్టే భావించవచ్చు. ఎంబసీకి రాత్రి రెండింటికి నిప్పంటుకుంటే ఆ అనుమతి ఎవరిస్తారు, ఆయన ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరు? ఆ పేర్లు గార్డు గదిలో ఉండాలి.

---

పాతగేటు

నిప్పు మాట వచ్చింది కాబట్టి సేఫ్ రూమ్, అంటే దాడి జరిగితే సిబ్బంది తలదాచుకునే గది గురించి. 2012 సెప్టెంబరు 11న బెంగాజీలో అమెరికన్ రాయబారి క్రిస్ స్టీవెన్స్, షాన్ స్మిత్ భద్రమనుకున్న భాగంలోకే వెళ్లారు. దాడి చేసినవాళ్లు ఆ తలుపు బద్దలుకొట్టలేదు. డీజిల్ పోసి భవనానికి నిప్పు పెట్టారు. ఇద్దరూ పొగకి ఊపిరాడక చనిపోయారు. తలుపు ఎంత గట్టిదైనా పొగని ఆపే ఏర్పాటు, ఇంకో దారి లేకపోతే ఆ గది ఉచ్చు అవుతుంది.

1979 నవంబరు 21న ఇస్లామాబాద్‌లో గుంపు అమెరికా ఎంబసీని తగలబెట్టినప్పుడు వందమందికి పైగా పై అంతస్తు ఉక్కు గదిలో గంటల తరబడి ఉన్నారు. కింద మంటలకి నేల కాలిపోతున్నా, డాబా మీదికి ఒక హ్యాచ్ ఉండబట్టి చీకటి పడ్డాక బయటపడ్డారు.

కాబట్టి మీ మూడంతస్తుల ఇంట్లో సేఫ్ రూమ్ పై అంతస్తులో, డాబా దారితో. తలుపు కింద, చుట్టూ పొగ ఆపే సీలు. మనిషికి ఒక పొగ మాస్కు, రెండు మిగులు. గ్రిల్ ఉన్న కిటికీ అయితే లోపలి నుంచి చేత్తో తెరుచుకోవాలి, తాళం చెవి వెతుక్కునేలా ఉండకూడదు. నీళ్లు, ప్రథమ చికిత్స, రేడియో, భవనం కరెంటుతో సంబంధం లేని ఫోను. జెనరేటరు డీజిల్ ట్యాంకు ఈ గది గోడకి ఆనుకుని ఉండకూడదు.

రహస్య కాగితాలకి కూడా పోలీసులు వచ్చేదాకా పట్టే సమయమే గడియారం. 1979లో టెహ్రాన్‌లోని అమెరికా ఎంబసీలో పొడవాటి పేలికలుగా చించిన పత్రాలని తర్వాత ఒక్కొక్క పోగు కలిపి మళ్లీ చదివేశారు. పీ-7 స్థాయి ష్రెడర్ (కాగితాలు ముక్కలు చేసే యంత్రం) 5 చదరపు మి.మీ.కి మించని ముక్కలు చేస్తుంది, కానీ నెమ్మది. ఒక అంగుళం మందం ఫైలుకి ఎంతసేపు పడుతుందో చూసి, అల్మారాలో ఎన్ని అంగుళాలున్నాయో కొలవండి. సమయం పోలీసులు వచ్చేదానికంటే ఎక్కువైతే, ష్రెడర్ కొనడం కాదు, ముందు కాగితాలు తగ్గించండి.

---

కృష్ణలంక

చాలా ఉపయోగంగా ఉంది. లోపలి మనుషుల గురించి ఎవరైనా చెప్తారా? స్థానిక సిబ్బంది, డ్రైవర్లు...

---

నాలుగోఅంతస్తు

స్థానిక సిబ్బందిని అనుమానంగా చూడటం అంచనా కాదు. నైరోబీలో గేటు ఎత్తనన్నది స్థానిక గార్డే. ఎవరికి ఏ గదికి ప్రవేశం ఉంది, ఆ ప్రవేశం ఉద్యోగం మానేసిన రోజే రద్దవుతోందా, శుభ్రం చేసేవాళ్లు రహస్య విభాగంలోకి ఒంటరిగా వెళ్తున్నారా, ఇవి చూడాలి. 2016 డిసెంబరు 19న అంకారాలో రష్యా రాయబారి ఆంద్రే కార్లోవ్‌ని కాల్చింది డ్యూటీలో లేని ఒక పోలీసు అధికారి. బయటి కార్యక్రమాలకి వెళ్లేటప్పుడు వేదిక వెనక ఎవరు నిలబడతారో కూడా ముందే తేల్చుకోవాలి.

రాకపోకల క్రమం ఇంకా ముఖ్యం. 1984 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో మన దౌత్యవేత్త రవీంద్ర మ్హాత్రేని బస్సు దిగి ఇంటికి నడిచి వెళ్తుండగా అపహరించి చంపారు. కాపలా అంతా కార్యాలయం చుట్టూ పెట్టి, ఇల్లు, బడి, బస్టాపు వదిలేస్తే దాడి అక్కడికి పోతుంది. దారి మార్చడం అందరూ చెప్తారు, కానీ ఇంటి వీధి మొదలు, ఆఫీసు వీధి చివర, ఈ రెండు ముక్కలూ మారవు. జాగ్రత్త ఆ రెండు చోట్లే కావాలి.

ఇక రెక్కీ (దాడికి ముందు చోటుని గమనించి వెళ్లడం) చిట్టా. గార్డు దగ్గర ఒక పుస్తకం: తేదీ, సమయం, బండి నంబరు, మనిషి గుర్తులు, ఏ వైపు చూశాడు, ఎంతసేపు. ఆ పుస్తకాన్ని వారానికోసారి ఒకే మనిషి చదవాలి. మూడు షిఫ్టుల గార్డులు విడివిడిగా చూసిన ఒకే కారు అప్పుడే బయటపడుతుంది.

---

మలక్‌పేట

అన్నా, మన హైదరాబాద్‌లనే ఈ దూరం సంగతి కండ్ల ముందు ఉంది. అమెరికా కాన్సులేట్ 2008 నుంచి బేగంపేట పైగా ప్యాలెస్‌ల ఉండె, 2023 మార్చిల నానక్‌రామ్‌గూడకు పోయింది. పన్నెండెకరాల పైన జాగా. గంత జాగా ఎందుకని అడిగేటోళ్లకు, ఆఫీసు పనికే కాదు, కాంక్రీటు అన్న చెప్పిన 30 మీటర్లు నాలుగు దిక్కులా కావాలంటే గంత పడ్తదని చెప్పొచ్చు.

నాదొక ప్రశ్న. ఇవన్నీ కొలిచినంక పత్రంల ఎట్ల రాయాలె?

---

పాతగేటు

ఒక్కో ముప్పుకీ ఒక్కో వాక్యం, మలక్‌పేట గారూ. "ఉగ్రవాదం: మధ్యస్థం" అని కాదు. ఇలా: "ఉదయం 9కి, రెండో స్టాఫ్ కారు గేటులో ఉండగా, ఉత్తరం వైపు నుంచి వచ్చే బండికి 50 మీటర్ల తిన్నని దారి ఉంది. గంటకు 60 వేగంతో 3 సెకన్లు. బారియర్ కిందికి దించి ఉంది. గార్డు గమనించి, మీట నొక్కి, అది లేవడానికి 3 సెకన్లు చాలవు." అది చదివినవాడికి చేయాల్సింది వెంటనే తెలుస్తుంది: బారియర్ ఎప్పుడూ లేచే ఉండాలి, తనిఖీ అయ్యాకే దించాలి. పైసా ఖర్చు లేని మార్పు. ఒక్కోదాని పక్కన బాధ్యుడి పేరు, గడువు, ఖర్చు, ఈలోగా చేసే తాత్కాలిక ఏర్పాటు.

పత్రం ఏడాదికోసారి కాదు, పక్క స్థలంలో కొత్త కట్టడం లేచినా, రోడ్డు దారి మళ్లించినా, వీసా వేళలు మారినా, పోలీస్ అధికారి బదిలీ అయినా ఆ వాక్యం మళ్లీ రాయాలి.

---

కాంక్రీటు_కబుర్లు

బారియర్ గురించి ఒక మాట, ఎందుకంటే కాగితం మీద ఉండి పనిచేయని పరికరాల్లో ఇదే ముందుంటుంది. హైడ్రాలిక్ బారియర్ గుంతలో నీళ్లు తీసే డ్రైన్ ఆకులతో, మట్టితో మూసుకుపోతుంది. పంపు మునిగి, మొదటి వానాకాలంలోనే పాడవుతుంది. చలి దేశాల్లో నూనె చిక్కబడి లేవడం ఆలస్యమవుతుంది, అక్కడికి తగిన నూనె, హీటర్ అడిగి పెట్టించాలి. కరెంటు పోయినప్పుడు అది లేచిన చోటే ఆగాలి, కిందికి జారకూడదు. చేతిపంపుతో లేపడం ప్రతి షిఫ్టు గార్డుకీ రావాలి. నెలకోసారి మెయిన్ స్విచ్ ఆపి, చేతిపంపుతో లేపించి, పట్టిన సమయం గార్డు సంతకంతో పుస్తకంలో రాయించండి. విడి హోస్, సీళ్ల సెట్టు స్టోరులో ఉండాలి. విదేశంలో ఆ భాగం తెప్పించడానికి నెలలు పట్టొచ్చు, అన్నాళ్లూ గేటు ముందు అడ్డంగా లారీ నిలబెట్టుకోవాల్సి వస్తుంది.